నూకరత్నానికి రావలసిన దుఃఖం

అక్క చనిపోయి పంతొమ్మిదేళ్లయినా బస్సు కండక్టరు నూకరత్నానికి రావలసిన దుఃఖం ఇంకా మంజూరు కాలేదు. కొమరవరం భావోద్వేగాల శాఖలో ఇంతకన్నా పాత దస్త్రాలు చాలా ఉన్నాయి కాబట్టి దీన్ని ఎవరూ విడ్డూరంగా చూడలేదు. మంజూరు కానిదే దుఃఖం రాదు. వచ్చేదాకా మనిషి మామూలుగా పనికి వెళ్లాలి. నూకరత్నం వెళ్లింది.

కబురు ఫోన్లో అందినప్పుడు ఆమె డ్యూటీలో ఉంది. చేతులు వణికాయి, టిక్కెట్లు జారి కిందపడ్డాయి. అప్పట్లో శాఖ పాటించే సిద్ధాంతం ప్రకారం ముందు ఒళ్లు కదలాలి, ఆ కదలికను గమనించుకున్నాకే మనసుకు దుఃఖం తెలుస్తుంది. అంటే వణుకు రుజువైతే చాలు. కానీ విచారణకు వచ్చిన అధికారి పాడు మనిషి, రోడ్డు మీద గతుకులు లెక్కపెట్టాడు. ఆ పూట బస్సులో నలభై ఆరుగురి చేతులూ వణికాయని, అందరికీ ఇస్తూ పోతే జిల్లా కోటా చాలదని రాశాడు. దరఖాస్తు తిరస్కరించారు.

నాలుగేళ్లకు సిద్ధాంతం మారింది. వణుకూ దుఃఖమూ మెదడులోంచి ఒకేసారి బయలుదేరతాయట, ఒకదాని వెనక ఒకటి కాదట. అందుకని రెండు దరఖాస్తులు రెండు కౌంటర్లలో ఒకే నిమిషంలో అందించాలన్నారు. ఒక కౌంటరు కింద, ఇంకొకటి మేడమీద. పాపం నూకరత్నం రొప్పుతూ మెట్లెక్కేసరికి రెండు నిమిషాలు దాటిపోయింది.

"తోడు ఎవరినన్నా తెచ్చుకోవాల్సిందండి," అన్నాడు గుమాస్తా గవరయ్య.

"ఇలాంటివాటికి తోడొచ్చేది మా అక్కేనండి."

ఆ మాట రాసుకోవడానికి ఫారంలో గడి లేదు. గవరయ్య కాసేపు వెతికి కలం మూత పెట్టేశాడు.

మూడో సిద్ధాంతం కాస్త దయగలది. ఒంటి వణుకు అన్నిటికీ ఒకటే, దానికి మనిషి పెట్టుకున్న పేరే అసలు సంగతి అంది. పాత దరఖాస్తు తీసి చూశారు. కారణం అన్నచోట నూకరత్నం "అక్క పోయింది" అని రాసి, అబద్ధం ఎందుకని పక్కనే "గతుకులు కూడా కొంత" అని చేర్చి ఉంది. శాఖ ఆ రెండో ముక్కనే పట్టుకుని, రోడ్డు ఇంజనీరు మీద కోపం మంజూరు చేసింది. పదిరోజులపాటు ఆమె ఎవరు ఆపినా ఆగకుండా మండిపడింది. ఆ ధాటికి కొత్త రోడ్డు పడింది, ఊళ్లో వాళ్లు ఆమెకు దండ వేశారు. దుఃఖం మాత్రం రాలేదు.

ఆ తర్వాతి సిద్ధాంతం, జరిగినదానివల్ల తనకు ఏమవుతుందని మనిషి అంచనా వేసుకున్నాడన్నదే ముఖ్యమంది.

"అక్కగారు పోవడం వల్ల మీకు కలిగిన నష్టం ఏంటండి?" గవరయ్య ఫారం చూసి అడిగాడు.

"తల దువ్వేదండి. ముప్పై దాటాక కూడా కూర్చోబెట్టి, నూనె రాసి దువ్వేది."

"ఇప్పుడెవరు దువ్వుతున్నారు?"

"నేనేనండి."

ప్రత్యామ్నాయం దొరికింది కనుక నష్టం లేదని పైనుంచి రాసి పంపారు. గవరయ్య ఆ కాగితం ఆమె చేతికివ్వడానికి మనసొప్పక రెండు నెలలు సొరుగులో దాచాడు.

మొన్న వేసవిలో చివరి ఉత్తర్వు వచ్చింది. భావోద్వేగాలు ఎక్కడా తయారుగా ఉండవు. ఎవరి గత అనుభవంలోంచి వాళ్లే, అప్పటికప్పుడు అల్లుకుంటారు. కనుక మంజూరు చేయడానికి శాఖ దగ్గర ఏమీ లేదు, ఎప్పుడూ లేదు. ఆఫీసు నెలాఖరుకు మూసేస్తారు.

"మరి ఇన్నేళ్లూ నేను తిరిగిందేటండి?"

"అప్పటికి అదే రైటమ్మా. ఇంక ఇంటికెళ్లి మీ దుఃఖం మీరే చేసుకోవచ్చు."

నూకరత్నం సెలవు పెట్టి, పీట వేసుకుని కూర్చుంది. గత అనుభవం కోసం వెతికితే పంతొమ్మిదేళ్ల వరుసలు, బెంచీలు, టోకెన్లు వచ్చాయి. అక్క ముఖం తలుచుకోబోతే గవరయ్య ముఖం ముందొచ్చింది. ఆమెకు నిజంగా భయం వేసింది.

ఆఖరి రోజున మళ్లీ వరుసలో నిలబడింది. గవరయ్య తన కుర్చీ మీది దిండు సంచిలో కుక్కుకుంటున్నాడు. అది చూడగానే నూకరత్నం భోరున ఏడ్చింది. ఎంతకీ ఆగలేదు. గవరయ్య మంచినీళ్లిచ్చి, మెల్లిగా దస్త్రం తెరిచాడు.

"ఇది మీ అక్కగారి కోసమేనాండి?"

నూకరత్నం ఆలోచించింది. "తెలీదండి. మీరెళ్లిపోతున్నారనేమో."

"తెలీకపోయినా పర్లేదమ్మా. ఇప్పటి రూలు ప్రకారం మీరేదంటే అదే."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "అయితే మా అక్కకే రాసుకోండి."

గవరయ్య రాసుకుని ముద్ర వేశాడు. వెనక వరుసలో ఉన్న ముప్పైమందీ, కౌంటరు మూసేలోగా తమ ఏడుపు ఎవరి పేరున రాయించుకోవాలా అని ఆలోచించుకోసాగారు.