శనివారపు కరుణ

కరుణ మనిషికి పుట్టుకతో వచ్చే గుణమన్న పాత అపోహను పరదేశంలోని మా క్లైడ్ నార్త్ శివారు ఎప్పుడో వదిలించుకుంది. మెడిసిన్ సీటు కావలసిన పిల్లల్లో అది పదకొండో తరగతి మొదటి టర్ములో పుట్టాలి. ఇంటర్వ్యూ నాటికి చెప్పుకోదగ్గంత ఎదగాలి. మా అమ్మాయి లాస్య విషయంలో ఆలస్యమైంది. తప్పు నాదే. చిన్నప్పటి నుంచి లెక్కల ట్యూషన్లకు తిప్పుతూ జాలి సంగతి పట్టించుకోలేదు.

అందుకని కౌశల్ గారిని ఆశ్రయించాం. ఆయన మెడిసిన్ ఇంటర్వ్యూల సలహాదారు. (డాక్టరు కాదు. తనకు సీటు రాలేదు కాబట్టి అది ఎందుకు రాదో తనకే బాగా తెలుసని ఆయన వాదన.) లాస్య వివరాలన్నీ చూసి నిట్టూర్చాడు.

"నెట్‌బాల్ ఉంది, డిబేటింగ్ ఉంది, వయొలిన్ ఉంది. ముసలివాళ్ళే లేరండీ."

"మా అమ్మ మా ఇంట్లోనే ఉంటుందండీ," అన్నాను ఆశగా.

"సొంత నానమ్మ కౌంట్ అవదు సార్. ఇంట్లోవాళ్ళ మీద ప్రేమంటే పక్షపాతం కిందికొస్తుంది. బయటి ముసలివాళ్ళు కావాలి."

నాకిది ఎంతో సబబుగా తోచింది. (నేను ఇంజనీరుని. నిబంధన అన్నది ఏదైనా నాకు సబబుగానే తోస్తుంది.)

మా పక్కనున్న క్రాన్‌బర్న్‌లో ఒక హాలుంది. శనివారాలు పెద్దవాళ్ళు అక్కడ చేరి టీ తాగుతారు. మెడిసిన్ ఆశిస్తున్న పిల్లలు వెళ్ళి వాళ్ళ మాటలు వింటారు. లాస్యను అందులో చేర్పించాను. ఆ పిల్ల వారం వారం నానమ్మ గది ముందు నుంచే పరుగున వెళ్ళి, వృద్ధుల మాటలు ఓపికగా వినడం నేర్చుకుని వచ్చేది. అంతసేపు విన్నాక ఎవరికైనా విసుగే కదా.

"ఏం తల్లీ, ఏం చేసొచ్చావు?" అని మా అమ్మ సీతాదేవి అడిగేది.

"సో టైర్డ్, నానమ్మా. లేటర్, ఓకే?"

కొన్నాళ్ళు చూసి మా అమ్మ నన్ను పిలిచింది. "అబ్బాయ్, నేనూ అక్కడికే వస్తే పిల్ల నాతో మాట్లాడుతుందేమో గదరా?"

నాకు ఒక్క క్షణం సిగ్గేసింది. ఆ వెంటనే, పెట్రోలు ఎలాగూ ఒకటే కదా అనిపించింది. ఆవిడనూ చేర్పించాను.

అయితే బంధువులు ఒకే బల్ల దగ్గర కూర్చోకూడదని హాలువారి నియమం. లాస్యకు ఒక గ్రీకు తాతగారు దక్కారు. మా అమ్మను జవేరియా అనే అమ్మాయికి కేటాయించారు. వాళ్ళది గుంటూరు. ఆ పిల్లదీ మెడిసిన్ ప్రయత్నమే. (మా అమ్మ మాటలు పరాయివాళ్ళ పిల్లకు కలిసొస్తున్నాయే అని ఆ పూట నాకు మనసు చివుక్కుమంది.)

ఒక శనివారం నేను కారు పార్కులో వేచి ఉండగా లోపలి నుంచి పెద్ద నవ్వు వినిపించింది. అది మా అమ్మదని పోల్చుకోవడానికి నాకు కొంతసేపు పట్టింది.

ఆ మరుసటి వారం జవేరియా కారు దాకా వచ్చింది. "అంకుల్, నానమ్మగారికి ఎడం కన్ను దాదాపు కనపడట్లేదు. మీకు తెలుసు కదా? టీని కప్పులో కాకుండా పక్కన పోశారు. నేను కుడి కన్ను మూయించి చూశాను. ప్లీజ్, డాక్టర్‌కి చూపించండి."

"తెలుసమ్మా," అన్నాను. (తెలియదు.)

కళ్ళ ఆసుపత్రిలో అవి నీటికాసులని, అంటే గ్లాకోమా అని తేల్చారు. ఎడమ కన్ను చూపు ఇక రాదట. కుడి కన్ను కాపాడుకోవచ్చట. ఇంకాస్త ముందు తీసుకురావలసిందని కళ్ళ డాక్టరు మెత్తగానే అన్నారు. తిరిగి వస్తుంటే వెనక సీట్లో లాస్య నానమ్మ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "ఐ లివ్ విత్ యూ, నానమ్మా! నేనెందుకు చూడలేదు?"

మా అమ్మ దాని తల నిమిరింది.

ఇంటి ముందు కారాపి, "నాకెందుకు చెప్పలేదమ్మా?" అనడిగాను.

"నువ్వడగలేదుగా నాయనా. ఆ పిల్ల అడిగింది," అంది సీటుబెల్టు తడుముకుంటూ. నా మొహం ఎలా ఉందో ఏమో, నన్ను ఓదార్చడానికన్నట్టు మళ్ళీ అంది. "నీ తప్పేం లేదులే. అడిగినందుకు వాళ్ళకి మార్కులుంటాయంట."