పొట్టులో గుట్టు

"ఈ గదిలో ఉన్నవాళ్లలో ఒకరు హంతకులు. వాళ్లెవరో కనిపెట్టగల మెదడు ఈ ఊరు మొత్తానికి ఒక్కటే ఉంది. అదిప్పుడు నీ ఎదురుగా నిలబడి ఉంది," అన్నాడు భూతద్దం, గొంతు బొంగురు చేసుకుని.

గదిలో ఉన్నది ఆయన బావ ఒక్కడే.

"నిలబడ్డ మెదడుని నేనెప్పుడూ చూళ్లేదు. కాళ్లు నొప్పెడతాయి, కూర్చోబెట్టు దాన్ని," అన్నాడు బావ. "అయినా ఇక్కడ ఎవరు చచ్చారని?"

భూతద్దం బల్ల పక్కనున్న గోనెసంచిలో చెయ్యి పెట్టి, గుప్పెడు పొడి తీసి, వేళ్ల సందుల్లోంచి జారవిడిచాడు. "ఇవి. నిన్న నున్నగా, గుండ్రంగా, నిండు ప్రాణాలతో సంచిలోకి వెళ్లిన గుళికలు. ఇవాళ పొడి. దీన్ని గుళికల ఊచకోత అంటారు బావా. పేపరువాళ్లకి ఇంకా పొక్కలేదు కాబట్టి సరిపోయింది."

బావ వంగి ఆ పొడిని వేళ్లతో నలిపి చూశాడు. నవ్వాలనే ఉంది గానీ, నవ్వు రాలేదు.

బావమరిది అసలు పేరు ఇంట్లోవాళ్లే మరిచిపోయారు. ఎప్పుడూ జేబులో భూతద్దం ఉంటుందని అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. ఆయనకి కళ్లజోళ్ల కొట్టు ఉంది. ఊరందరికీ చూపు తెప్పించే ఆ మనిషికి తన ముక్కు ముందున్నది మాత్రం ఆనదు. కిందటేడు గొడుగు పోయిందని నాలుగు వీధులూ గాలించి, ఆరుగురిని అనుమానించి, ముగ్గురితో మాటలు పడ్డాడు. గొడుగు ఆయన చంకలోనే ఉంది. అనుమానం ఆయన పెట్టుబడి, అవమానం దాని మీద వచ్చే రాబడి. అయినా వ్యాపారం ఆపలేదు.

బావది అంతకుముందు తలుపులూ కిటికీలూ చేసే చెక్కపని కొట్టు. వెనక గుట్టలుగా పేరుకునే చెక్కముక్కలూ రంపపు పొట్టూ చూసి చూసి, పక్కనే షెడ్డు వేసి గుళికల మర పెట్టాడు. కొట్లలో మిగిలిన చెక్క, కట్టడాల దగ్గర పారేసిన పాత పరంజా వెదుళ్లు తెచ్చి, పొట్టు చేసి, ఆరబెట్టి, చిల్లుల ఇనుప పళ్లెంలోంచి గట్టిగా నొక్కితే చిటికెనవేలంత గుళికలొస్తాయి. బాయిలర్లలో బొగ్గుకి బదులు అవి పోసుకోవచ్చు. ఎందుకూ పనికిరానిదాన్ని పొయ్యిలోకి పనికొచ్చేలా చెయ్యడమే ఆ మర పని.

కానీ వారం రోజులుగా గుళిక గుళికలా ఉండటం లేదు. సంచి దించితే పొడి, కదిపితే పొడి, గట్టిగా చూస్తే పొడి. రేపు లాండ్రీ యజమానురాలు వస్తోంది. దుప్పట్లు, యూనిఫాంలు ఉతికే పెద్ద లాండ్రీ ఆవిడది. రోజంతా ఆవిరి కావాలి, అంటే రోజంతా గుళికలు కావాలి. ఆవిడ సరే అంటే మర బతుకుతుంది. కాదంటే ఆవిడ బొగ్గుకి, బావ మళ్లీ కిటికీలకి. మర తుక్కుకి.

"ఇది పోటీదారుల కుట్ర. కూపీ లాగుతాను. ముందు కాఫీ లాగాలి," అన్నాడు భూతద్దం.

"గేటు బయట తాగి రా. లోపలికి తేవద్దు."

అది అక్కడి కట్టుబాటు. మర పెట్టిన కొత్తలో కప్పు కారి పొట్టు తడిసింది. గుళికలు ఉబ్బి, పగిలి, ముద్దయ్యాయి. అప్పట్నించి బావకి నీళ్లంటే పగ. "లోపలికి నీళ్లు తేరాదు" అని గేటుకి బోర్డు కట్టాడు. దాహమేసినవాడు గేటు బయట కుళాయి దగ్గర తాగి, మూతి తుడుచుకుని రావాలి. తలంటుకుని వచ్చినవాణ్ణి జుట్టు ఆరేదాకా ఎండలో నిలబెట్టేవాడు. ఒకసారి ఆరబెట్టాల్సిన పొట్టుని రెండుసార్లు వేడి డ్రమ్ములో తిప్పించేవాడు. వారం కిందట వచ్చిన, ఏళ్ల తరబడి ఎండకి ఎండి, వేలితో తడితే మోగే పరంజా వెదురుకీ మినహాయింపు లేదు. తేమ కొలిచే మీటరులో అంకె తగ్గేకొద్దీ, షుగరు తగ్గిన రోగిలా మురిసిపోయేవాడు.

భూతద్దం విచారణ మొదలెట్టాడు. మర నడిపే మనిషిని అందరూ రెంచి అంటారు, నిద్రలో కూడా చేతిలో రెంచి ఉంటుందని. అతను వచ్చి నిలబడ్డాడు.

"నీ భుజాల మీద పొట్టుంది."

"ఉంటుంది సార్."

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడట. నువ్వు తడుముకోవేం?"

"తడుముకుంటే ఇంకా రేగుద్ది సార్. మీ భుజాల మీదా ఉంది."

భూతద్దం తన భుజాలు తడుముకున్నాడు. బావ కిటికీలోంచి బయటికి చూశాడు.

సాక్షి తెలివైనవాడని తేలాక భూతద్దం షెడ్డులోకి నడిచాడు. అద్దం కంటికి ఆనించుకుని, మేకుని తుపాకీ గుండు అనుకుని, కట్టెపేడుని వేలు అనుకుని, సంచుల వెనక్కి దూరాడు. కాసేపటికి ఒక సీసా పట్టుకుని, దాంతోపాటు రెండు తుమ్ములు కూడా పట్టుకుని బయటికొచ్చాడు.

"దొరికింది. బావా, చూడు. రంగు లేదు. వాసన లేదు." వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు. "రుచీ లేదు. లోకంలోకెల్లా భయంకరమైన విషానికి ఉండాల్సిన మూడు లక్షణాలూ ఉన్నాయి."

"దాన్ని నీళ్లంటారు, బావమరిదీ," అన్నాడు బావ. అని, తనన్న మాట తనకే అర్థమై, రెంచి వైపు తిరిగాడు. "షెడ్డులోకి నీళ్లు తెచ్చావా నువ్వు?"

రెంచి తల దించుకున్నాడు. "ఆ డ్రమ్ము పక్కన నిలబడితే నాలుక పిడచకట్టుకుపోద్ది సార్. గేటుదాకా వెళ్లొచ్చేలోపు మర మొరాయిస్తది. దాచుకుని రెండు గుక్కలు తాగుతున్నా. పొట్టు మీద చుక్క పడనియ్యలేదు."

"రేపు ఆవిడ వచ్చి వెళ్లనీ. నీ సంగతి చూస్తా," అన్నాడు బావ. సీసా భూతద్దం చేతిసంచిలోకి సాక్ష్యంగా వెళ్లిపోయింది. రెంచి పొడినాలుకతో మర దగ్గరికి నడిచాడు. ఆ నడక చూసి బావకి మనసులో ఎక్కడో గుచ్చుకుంది గానీ, కోపం దాన్ని కప్పేసింది.

సాయంత్రం పని ఆపేవేళకి భూతద్దం వానకోటు వేసుకుని తయారయ్యాడు.

"చుక్క వాన లేదుగా," అన్నాడు బావ.

"డిటెక్టివులకి వాన అక్కర్లేదు. కోటు చాలు."

"ఆ వీపు మీద మూపురం ఏంటి?"

"అనుభవం. వయసుతోపాటు పేరుకుంటుంది. నువ్వెళ్లి నీళ్లు తాగు. నేను శత్రువుకి వల పన్నాలి. రేపు పొద్దున్నకి హంతకుడు తన కాళ్లతో తానే పట్టుబడతాడు."

బావ, రెంచి గేటు దగ్గర కుళాయికి వెళ్లారు. భూతద్దం చాలాసేపటికి బయటికొచ్చాడు. మూపురం తగ్గింది. అనుభవం ఖర్చయినట్టుంది అనుకున్నాడు బావ.

మర్నాడు లాండ్రీ యజమానురాలు చెప్పిన వేళకంటే ముందే దిగింది. భూతద్దం ఇంకా రాలేదు. నేరస్థులతో పోరాడే మెదడుకి నిద్ర ఎక్కువ కావాలి.

"ఏమండీ, ఇదే ఆఖరుసారి," అంది ఆవిడ, చీర కొంగు దోపుకుంటూ. "మొన్న మీ సంచి పోస్తే మా బాయిలర్ తుమ్మింది. ఆరేసిన తెల్ల దుప్పట్లన్నీ గోధుమరంగుకి తిరిగాయి. ఉతికినవి మళ్లీ ఉతకడానికా నేను లాండ్రీ పెట్టింది? సంచులు వద్దు. నా కళ్ల ముందు చెయ్యండి, చూస్తా."

బావకి చెమట పట్టింది. షెడ్డులోకి తేకూడనిది కాబట్టి గబగబా తుడుచుకున్నాడు. రెంచి ముందురోజు ఆరబెట్టి ఉంచిన పొట్టు కుప్పని పారతో తిరగేసి మరలోకి తోశాడు. పొట్టు చేతికి కాస్త మెత్తగా తగిలింది గానీ, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని మనిషికి అదొక లెక్కా అని ఊరుకున్నాడు.

మర తిరిగింది. రోజూ అది మూలిగేది, పొగ కక్కేది, పళ్లు నూరేది. ఇవాళ మాత్రం తేనెతుట్టెలా హాయిగా పాడింది. పళ్లెం కిందనుంచి గుళికలు జారాయి. నున్నగా, నిగనిగలాడుతూ.

లాండ్రీ యజమానురాలు వాటిని చల్లారనిచ్చి, గుప్పెడు తీసి గచ్చు మీద జారవిడిచింది. టపటపా ఎగిరాయి గానీ ఒక్కటీ చిట్లలేదు. తెల్ల చేతిరుమాలులో వేసి నలిపింది. రుమాలు తెల్లగానే ఉంది. ఒకటి తీసి విరిచింది. పుటుక్కుమంది.

బావ ఆవిడ వేళ్లనే చూస్తున్నాడు. రెంచి చేతిలో పార ఉందన్న సంగతే మర్చిపోయాడు.

"ఇదీ గుళికంటే. ఇన్నాళ్లూ ఎక్కడ దాచారండీ?" అంది ఆవిడ. "రేపట్నించి పంపండి."

సరిగ్గా అప్పుడు వానకోటు గుమ్మంలో ప్రత్యక్షమైంది. "ఆపండి. ఆ మర ఆపండి. నా సాక్ష్యం నలిగిపోతోంది."

"ఏం సాక్ష్యం?" అన్నాడు బావ.

"అడుగుజాడలు బావా. పొడి పొట్టు మీద జాడ నిలవదు. అందుకే నిన్న సాయంత్రం అక్క పూలమొక్కలకి కొట్టే పంపు కోటు కింద తగిలించుకొచ్చి, కుప్పంతా తిరగేస్తూ మంచులా నీళ్లు చల్లాను. హంతకుడు వస్తే అడుగు పడుతుంది, నేను పట్టేస్తాను అనుకున్నా. మీరేమో హంతకుడి అడుగుల్ని ఇంధనం చేసేశారు."

బావకి ముందు వినపడింది నీళ్లు అన్న మాటే. ముఖం ఎర్రబడింది. చెయ్యి పార కోసం వెతికింది. అంతలో కాళ్ల దగ్గర నిగనిగలాడుతున్న గుళికలు కనపడ్డాయి. వెతికే చెయ్యి ఆగిపోయింది.

లాండ్రీ యజమానురాలు పకపకా నవ్వింది. "నీళ్లు చల్లితే తప్పేంటి? కరకరలాడేలా ఎండిన బట్టని ఇస్త్రీ చేసి చూడండి. ఎంత నొక్కినా మాట వినదు. ముందు నీళ్లు చిలకరించి, చుట్టి ఉంచి, అప్పుడు పెట్టె తోస్తే మడత నిలబడుతుంది. మీ పొట్టు సంగతి నాకు తెలీదు గానీ, వేడి పెట్టి నొక్కడం ఇక్కడా ఉందిగా. మునిగేదాకా తడిపితే ముద్ద, ప్రాణం పోయేదాకా ఎండబెడితే పొడి."

ఆవిడ వెళ్లిపోయింది. బావ మీటరు తెచ్చి మిగిలిన పొట్టులో గుచ్చాడు. అంకె పెరిగి ఉంది. ఇన్నాళ్లూ ఏ అంకెని చూసి మురిశాడో అదే తన మర పీక నొక్కిందన్నమాట.

భూతద్దం ఇదేమీ వినడం లేదు. కుప్ప అంచున మిగిలిన ఒకే ఒక్క అడుగు మీద బోర్లా పడుకుని అద్దం పెట్టాడు. "కుడికాలు. మడమ అరిగిన చెప్పు. బొటనవేలు దగ్గర కుట్టు ఊడింది." లేచి, తన కుడి చెప్పు చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. "ఎంత గడుసువాడు బావా. నా చెప్పులు దొంగిలించి, పని అయ్యాక తెచ్చి పెట్టేశాడు."

"బావమరిదీ. నిన్న నువ్వేమన్నావు, హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడనా?"

"అన్నాను."

"అప్పుడు గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను."

భూతద్దం జాలిగా నవ్వి బావ భుజం తట్టాడు. పొట్టు రేగింది. "నువ్వా? నిన్ను అనుమానితుల జాబితాలోంచి మొదట్లోనే కొట్టేశాను. ఊచకోతకి బుర్ర కావాలి బావా."

బావ ఆయన చేతిసంచిలోంచి సీసా లాక్కుని, గేటు దగ్గరికి వెళ్లి, కుళాయి కింద నిండా పట్టి, బోర్డు కింద నుంచే లోపలికి తెచ్చి రెంచి చేతికిచ్చాడు. రెంచి ఒకసారి బోర్డు వైపు, ఒకసారి యజమాని వైపు చూసి, అందరి ఎదుటా గటగటా తాగాడు.

నేరస్థుడు నేరం చేసిన చోటికి తిరిగొస్తాడని భూతద్దం ఎప్పుడూ చెబుతుండేవాడు. ఆ మాట ఒక్కటి మాత్రం తప్పలేదు. ఇప్పుడాయన రోజూ సాయంత్రం కొట్టు కట్టేసి, వానకోటు వేసుకుని, పంపు తగిలించుకుని వచ్చి కుప్ప మీద నీళ్లు చల్లి వెళుతున్నాడు. హంతకుడి అడుగు ఇంకా పడలేదు.