అతికించిన విందు

ఆ శనివారం పొద్దున ఉమేష్ చేయవలసిన సొంత పనులు రెండే. రెండూ ఫోనులో పంపవలసినవే. టీ తాగేలోపు అయిపోతాయనుకుని ఆదోనిలో తాను పనిచేసే జిన్నింగు మిల్లు ఆఫీసుకు మామూలు కన్నా ముందే వచ్చి కూర్చున్నాడు.

మరునాడు ఎమ్మిగనూరులో చెల్లెలు సరస్వతి నిశ్చితార్థం. పెళ్ళికొడుకు మహేంద్రది కౌతాళం. వాళ్ళ తరఫు నుంచి నలభై మంది వస్తున్నారు. వాళ్ళకు పెట్టవలసిన వంటల వివరం వంట మేస్త్రీ గోవిందన్నకు పంపడం మొదటి పని. రెండవది నాయన జయన్న సంగతి. ఆయనకు షుగరూ, బీపీ రెండూ ఉన్నాయి. ఏమేం తినాలో, ఏమేం మానాలో ఆదోని డాక్టరు తెలుగులోనే మెయిల్ పంపాడు. దాన్ని ఎమ్మిగనూరులో ఉన్న అమ్మ భీమమ్మకు చేర్చాలి.

ఉమేష్ వంటల వివరం కంప్యూటర్లో టైపు చేసి, మళ్ళీ ఫోనులో మొదటినుంచీ కొట్టబోతుంటే పక్క సీటు ప్రజ్ఞ చూసి జాలిపడింది.

"అన్నా, రెండుసార్లు ఏంటికి కొడతారు? ఈడ కంట్రోల్ సి నొక్కండి. ఫోనులో వేలు ఒత్తిపట్టి పేస్ట్ అనండి. కంప్యూటర్లో కాపీ చేసింది ఫోనులో పడుతుంది."

"మధ్యలో వైరు అక్కర్లేదా?"

"ఏమీ అక్కర్లేదు. రెండింటిలో ఒకటే అకౌంటు ఉంటే సాలు."

ఆమె సెట్టింగ్ మార్చి, వంటల వివరం కాపీ చేసి, ఉమేష్ ఫోనులోంచి అతడికే పంపి చూపించింది. వేడి వేడి దోసె పెనం మీంచి పళ్ళెంలోకి జారినట్టు అక్షరాలన్నీ ఫోనులో వచ్చి పడ్డాయి. ఉమేష్ ముగ్ధుడయ్యాడు. అయితే ఆఫీసు నెట్‌వర్కుకు నెమ్మది ఎక్కువ. కంప్యూటర్లో కాపీ చేసింది ఫోనుకు చేరడానికి కొంత సమయం పట్టేది. అంతలో తొందరపడి పేస్ట్ నొక్కితే ఫోను అంతకు ముందు తన దగ్గరున్న పాత సరుకునే అతికించేది. ఈ ముక్క చెప్పేలోపు ప్రజ్ఞను ఓనరు పిలిచాడు.

ఉమేష్ డాక్టరు మెయిలు కాపీ చేశాడు. వెంటనే ఫోనులో అమ్మ పేరు తెరిచి పేస్ట్ నొక్కాడు. పడింది. అక్షరాలు పడ్డాయన్న ఆనందంలో ఏ అక్షరాలో చూడలేదు. తర్వాత వంటల వివరం కాపీ చేసి, గోవిందన్న పేరు తెరిచి పేస్ట్ నొక్కాడు. అదీ పడింది. ఫోను ఒక అడుగు వెనక నడుస్తున్నదని అతడికి తెలియదు. రెంటికీ చెరొక వాయిస్ మెసేజీ కూడా జోడించాడు.

అమ్మకు ఇలా: "అమ్మా, డాక్టరు రాసింది పంపినా. ఉన్నది ఉన్నట్ల పెట్టల్ల. నాయన గలాటా చేసినా ఇనొద్దు."

గోవిందన్నకు ఇలా: "అన్నా, దీంట్లో ఒక్కటి మారినా నేను ఒప్పుకోను. మర్యాద గలోళ్ళు వస్తాండారు."

ఎమ్మిగనూరులో భీమమ్మ ఫోను మొగుడికిచ్చి చదవమంది. కొన్ని నెలలుగా జొన్నరొట్టె, చప్పటి పప్పుతో రోజులు నెట్టుకొస్తున్న జయన్న కళ్ళజోడు తుడుచుకుని మొదలుపెట్టాడు.

"దిగగానే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. మధ్యాహ్నం ఓళిగలు వంద, కాచిన నెయ్యి, చిత్రాన్నం, గుత్తి వంకాయ, అప్పడాలు, పెరుగన్నం." ఆయన ఆఖరి ముక్క నొక్కి నొక్కి చదివాడు. "ఎన్నిసార్లు అడిగినా లేదనకుండా వడ్డించాలి."

"దిగగానే అంటే ఏంది?" అని అడిగింది భీమమ్మ.

"మంచం దిగగానే."

"వంద ఓళిగలు ఒక్క మనిషికా?"

"ఒక పూటకా ఏమన్నా? నెలకు రాసినాడు. సదువుకున్న డాక్టరు, అంత మాత్రం తెలీదా ఆయప్పకు?"

భీమమ్మకు నమ్మకం కుదరక కొడుక్కు ఫోను చేసింది. ఆ సమయానికి ఉమేష్ యంత్రాల పక్కన నిలబడి ఉన్నాడు. చుట్టూ పత్తి దూది, చెవులు చిల్లులు పడే మోత.

"ఒరే, ఇదంతా మీ నాయనకేనా?"

"అంతా నాయనకే. తగ్గించినావంటే డాక్టరు నన్ను తిడతాడు."

ఫోను పెట్టీ పెట్టకముందే గోవిందన్న ఫోను వచ్చింది.

"ఉమేషా, ఉప్పు కూడా ఎయ్యొద్దా?"

ఉమేష్‌కు 'ఉప్పు' ఒక్కటే వినబడింది. "అన్నా, రాసినట్ల చెయ్యి. నీ సొంత తెలివి వాడొద్దు."

గోవిందన్న ఇరవై ఏళ్ళుగా వంటలు చేస్తున్నవాడు. ఇష్టానుసారం మసాలా వేస్తాడని పేరు. ఆ మాట మనసుకు తగిలింది. ఈసారి ఆవగింజ కూడా ఎక్కువ వెయ్యనని ఒట్టు పెట్టుకున్నాడు.

ఆదివారం పొద్దున ఉమేష్, భార్య జ్యోతి ఎమ్మిగనూరు చేరేసరికి జయన్న వరండాలో కూర్చుని బజ్జీ కొరుకుతున్నాడు. ఎదురుగా బొరుగుల ఉగ్గాని. నెలల తర్వాత ఆయన ముఖంలో వెలుగు కనిపించింది. వంటింట్లో గంపనిండా ఓళిగలు. పక్కింటి భీమక్కను తోడు పిలిచి ముందురోజు రాత్రే అన్నీ కాల్చి పెట్టింది భీమమ్మ.

"అమ్మా, ఏందిది?"

"నువ్వు పంపిందేనప్పా. నాకు అనుమానమే. ఆ మనిషికి ఒక్క ఓళిగే ఇచ్చినా. డాక్టరు మాట తప్పైనా, నిశ్చితార్థం ఇంట్లో తీపి దండగ పోదు కదా అని అన్నీ చేసినా."

జ్యోతి అత్త చేతిలో ఫోను తీసుకుని చదివింది. చదివి మొగుడి వైపు చూసింది.

"ఇదో, ఇది గోవిందన్నకు పంపాల్సింది కదా. అయితే గోవిందన్నకు ఏం పంపినావు?"

ఉమేష్ తన ఫోను తెరిచాడు. గోవిందన్న పేరు కింద ఇలా ఉంది: రెండు జొన్నరొట్టెలు, ఉప్పు లేని పెసరపప్పు, ఉడికించిన సొరకాయ, పలచని మజ్జిగ. తీపి, నూనె, అప్పడం, ఊరగాయ పూర్తిగా మానాలి. భోజనమయ్యాక అరగంట నడవాలి.

ఉమేష్ ముందు నాయనకు వేలు గుచ్చి షుగరు చూశాడు. కొంచెం ఎక్కువే గాని భయపడేంత లేదు. ఆయన చేతిలో బజ్జీ లాక్కుని, నిశ్చితార్థం జరిగే ఫంక్షన్ హాలుకు పరుగెత్తాడు.

అక్కడ గోవిందన్న రొట్టెలు దొంతులుగా పేర్చి, సొరకాయ గుండిగ మీద మూత పెట్టి, నిశ్చలంగా నిలబడి ఉన్నాడు. ఏ వాసనా లేని వంటశాలను ఉమేష్ జీవితంలో మొదటిసారి చూశాడు.

"రాసింది రాసినట్ల చేసినా. నడకకు పక్కన స్కూలు గ్రౌండు కూడా అడిగి పెట్టినా" అన్నాడు గోవిందన్న, ముఖం పక్కకు తిప్పుకుని.

"అన్నా, అది మా నాయన పథ్యం. ఇప్పుడు ఏమన్నా చేయగలమా?"

గోవిందన్న నోరు తెరిచేలోపే బయట బండ్లు ఆగిన చప్పుడైంది. కౌతాళం వాళ్ళు దిగారు. ముందుగా పెళ్ళికొడుకు తండ్రి బసవరాజు దిగాడు. భారీ మనిషి. విందుకు కూర్చుంటే వడ్డించేవాళ్ళు ఇద్దరు మారాలని ఆ చుట్టుపక్కల చెప్పుకుంటారు. ఉంగరాలు మార్చుకోవడం, తాంబూలాలు అయ్యేదాకా ఉమేష్ ఒక్క మంత్రం వినలేదు. సరస్వతి సంతోషంగా నవ్వుతుంటే అతడికి ఏడుపొచ్చింది.

భోజనాల బంతి కూర్చుంది. విస్తర్లలో రొట్టె, సొరకాయ పడ్డాయి. కౌతాళం కుర్రాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బసవరాజు విస్తరి కేసి చాలాసేపు చూశాడు. ఆ చూపు తట్టుకోలేక గోవిందన్న తనకు తోచిన మాట అనేశాడు.

"మీ ఆరోగ్యం సంగతి కనుక్కొని చేయించినారు అన్నా, ఉమేష్ వాళ్ళు."

బసవరాజు తలెత్తాడు. "నా ఆరోగ్యం సంగతి మీకు ఎవరు సెప్పినారు?"

సంబంధం ఇక్కడితో సరి అనుకున్నాడు ఉమేష్. జరిగింది చెప్పేద్దామని "మామా, అది" అని మొదలుపెట్టేసరికి బసవరాజు అతడి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"మూడేండ్లుగా షుగరప్పా నాకు. బయట సెప్పుకోలేదు. యాడికి పోయినా ఇంగొక ఓళిగ, ఇంగొక ఓళిగ అని ఇస్తట్లో ఏస్తారు. వద్దంటే మర్యాద తక్కువ అంటారు. పోయిన పెండ్లికి తిని ఆస్పత్రిలో పడుకున్నా. ఈడికి వస్తా వస్తా బండిలో మా ఆడమనిషి ఒకటే ఏడుపు." ఆయన రొట్టె తుంచి పప్పులో అద్దుకున్నాడు. "ఈ పొద్దే భయం లేకుండా తింటాండాను. నా గురించి ఇంత ఆలోచన చేసిన ఇల్లు నేను సూడలేదు. గోవిందన్నా, ఇంగొక రొట్టె ఎయ్యి."

ఉమేష్ మళ్ళీ నోరు తెరవబోయాడు. తెరవకపోవడమే మంచిదని జ్యోతి దూరం నుంచి కళ్ళతోనే చెప్పింది. అప్పటికే భీమమ్మ, భీమక్క ఓళిగల గంప, నెయ్యి గిన్నె మోసుకొచ్చారు. వాటిని చూసి కుర్రాళ్ళకు ప్రాణం లేచొచ్చింది. గోవిందన్న తన సంచి లోతుల్లోంచి ఊరగాయ సీసా తీశాడు. పొరపాటున తెచ్చానన్నాడు.

భోజనాలయ్యాక జయన్న, బసవరాజు స్కూలు గ్రౌండులో నడిచారు. "బావా, నీ షుగరు ఎంతుండాది?" అన్నాడు జయన్న. "పొద్దున ఖాళీ కడుపుతో సూస్తే రెండొందలు." "నాది నిన్నటికి తక్కువే ఉండె." అలా మాట్లాడుకుంటూ రెండు చుట్లు తిరిగేసరికి పెళ్ళి వైశాఖంలో అని తేల్చేశారు. ఉమేష్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సరస్వతి వచ్చి పక్కన నిలబడింది.

"అన్నా, పప్పులో నిజంగానే ఉప్పు లేదు."

"తెలుసమ్మా" అన్నాడు ఉమేష్.

పోయేటప్పుడు బసవరాజు పెళ్ళి భోజనాల బాధ్యత తానే చూసుకుంటానని అందరి ముందూ మాట ఇచ్చాడు. కౌతాళం కుర్రాళ్ళు మాత్రం పెళ్ళికి ఇంటి దగ్గరే తినేసి వస్తామని, తమకోసం ఎవరూ కష్టపడవద్దని చెప్పి బండి ఎక్కారు.