దోశ పిండీ, మొత్తం రీబిల్డూ

పొద్దున్నే గిన్నె మూత తీసి చూస్తే, పిండి రాత్రి రుబ్బి పెట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. నస్పూర్ జనవరి చలికి మనుషులే దుప్పట్లోంచి లేవరు, పిండి ఏం లేస్తుందన్నది జ్యోతిరాణికి తెలియని సంగతి కాదు. కానీ సాయంత్రం కరీంనగర్ నుంచి అవేజ్ వస్తున్నాడు. దోశ తిన్న అవేజ్ వేరు, తినని అవేజ్ వేరు అని ఆమె భర్త విజయేందర్ నాలుగు రోజులుగా చెవిలో ఇల్లు కట్టుకొని చెబుతున్నాడు.

విజయేందర్ బొగ్గు కంపెనీ ఆఫీసులో క్లర్కు. మిగతా సమయమంతా ఒక లినక్స్ బృందానిది. దేశదేశాల వలంటీర్లు తలా ఒక ప్రోగ్రామును చూసుకుంటారు. వాటిని ఎవరి కంప్యూటర్లోనైనా సులువుగా దిగేలా ప్యాకేజీలుగా కట్టి, అన్నీ కలిపి ఒక పూర్తి లినక్స్‌గా విడుదల చేస్తారు. ఆ ప్యాకేజీలు కట్టే యంత్రాలు ప్రపంచంలో అక్కడక్కడా ఉన్నాయి. అందులో ఒకటి వీళ్ళ క్వార్టర్లో, వంటింట్లో బియ్యం డ్రమ్ము పక్కన ఉంది. విజయేందర్ దాన్ని బిల్డ్ సర్వర్ అంటాడు. జ్యోతిరాణి పెట్టె అంటుంది.

రెండేళ్ళుగా తెలుగు ఫాంట్ల ప్యాకేజీ చూసుకుంటున్నా అతనింకా పూర్తి సభ్యుడు కాలేదు. కావాలంటే పాత సభ్యుడొకరు మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకొని, గుర్తింపు కార్డు చూసి, ఇతను ఇతనే అని పూచీ పడాలి. చుట్టుపక్కల జిల్లాల్లో అలాంటి సభ్యుడు అవేజ్ ఒక్కడే.

"పిండి మాత్రం పొంగాలె రాణీ. నా రెండేండ్ల కష్టం" అన్నాడు విజయేందర్, ఆఫీసుకు బయలుదేరుతూ.

"గా ముచ్చట పిండికి జెప్పుండ్రి" అంది ఆమె.

అతను వెళ్ళాక ఆమె గిన్నెను తీసుకుపోయి పెట్టె మీద పెట్టింది. పెట్టె పనిలో ఉంటే పైన రేకు వేడెక్కుతుంది. వానాకాలంలో ఇంటిల్లిపాదీ సాక్సులు దాని మీదే ఆరతాయి. కానీ ఇవాళ రేకు చల్లగా ఉంది. శనివారం విడుదల కాబట్టి కొత్త ప్యాకేజీలు ఆపేశారు, పెట్టెకు పని లేదు.

జ్యోతిరాణి కరీంనగర్‌లో డిగ్రీ చదివింది, అదీ కంప్యూటర్లతో. పెట్టె తెర మీద భర్త తెరిచి వదిలేసిన పేజీలో రెండు బటన్లు కనిపించాయి: ఒక ప్యాకేజీని మళ్ళీ కట్టు, అన్నిటినీ మళ్ళీ కట్టు. మొదటిది నొక్కి చూసింది. రేకు కాస్త వెచ్చబడి, ఆమె చాయ్ తాగేలోగా చల్లారిపోయింది. రెండోది నొక్కింది. "ఖాయమేనా?" అని అడిగింది తెర. దోశల విషయంలో ఆమె ఎప్పుడూ ఖాయంగానే ఉంటుంది. పెట్టె మహబూబ్ ఘాటు ఎక్కే బస్సులా రొద మొదలుపెట్టింది.

ఆమెకు తెలియనిదల్లా ఒకటే. 'అన్నీ' అంటే ఆ ఒక్క పెట్టెకు కాదు. ఆ మాటతో ప్రపంచంలోని యంత్రాలన్నీ పనిలోకి దిగాయి, విజయేందర్ పేరు మీద. ఏ ప్యాకేజీ సరిగ్గా రాకపోయినా యంత్రం దాని వలంటీరుకు మెయిల్ కొడుతుంది. మెయిల్ అందుకున్నవాళ్ళందరూ విజయేందర్‌కు కొట్టారు.

"రాణీ, పెట్టె దిక్కు ఎవలన్న వచ్చిండ్రా?" అని ఆఫీసు నుంచి ఫోన్.

"ఎవలు రాలే" అంది. నిజమే కదా.

ఇంట్లో ఉన్న మనిషే నొక్కి ఉండొచ్చని విజయేందర్‌కు తట్టలేదు. ఆమె పెట్టెను ముట్టేది దుమ్ము తుడవడానికేనని అతని నమ్మకం. కాబట్టి తన ఖాతా దొంగల చేతిలో పడిందని బృందమంతటికీ రాసేశాడు. వాళ్ళు అతని ఖాతా మూసేసి, ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళు మార్చుకోవడంలో పడ్డారు.

అవేజ్ బస్సు అప్పుడు చొప్పదండిలో ఆగి ఉంది. విజయేందర్ మెయిల్ చూసి వెంటనే జ్యోతిరాణికి ఫోన్ చేశాడు.

"భాభీ, గా పెట్టె వైరు పీకేయుండ్రి."

జ్యోతిరాణి గిన్నెలోకి తొంగిచూసింది. పిండి అప్పుడప్పుడే కదులుతోంది. "జర సేపాగి పీకుత భయ్యా. గిప్పుడు పీకుతె మొత్తం కరాబైతది."

అవేజ్ గొంతు తగ్గించాడు. "మీ పక్కన ఎవలన్న ఉన్నరా? ఉంటె నోటితోని జెప్పకుండ్రి. దగ్గుండ్రి, సాలు."

సరిగ్గా అప్పుడే చట్నీకని బాణలిలో వేసిన ఎండుమిర్చి మాడింది. జ్యోతిరాణి దగ్గింది. ఆగకుండా దగ్గింది. గోడ అవతల పక్కింటి మల్లక్క కూడా దగ్గింది.

"యా అల్లా, గంతమందా" అని అవేజ్ ఫోన్ పెట్టేసి విజయేందర్‌కు చేశాడు.

కాసేపటికి గడియ కూడా పెట్టని తలుపును కంపెనీ సెక్యూరిటీ కొమురెల్లి కాలితో తన్ని లోపలికొచ్చాడు. వెనక హెల్మెట్ తీయని విజయేందర్, అతని వెనక రోకలితో మల్లక్క, ఆమె వెనక సగం కాలనీ.

"ఎంతమందున్నరమ్మా?" అన్నాడు కొమురెల్లి, లాఠీ ఎత్తి.

"తినేటోళ్ళా?" అంది జ్యోతిరాణి.

మంచాల కింద వెతికారు, బీరువా తెరిచారు, బాత్రూములో బకెట్టు కూడా వంచి చూశారు. చివరికి దొరికించుకుంది మల్లక్కే. "ఓ రాణీ, నీ పిండి పొంగిపోతుందే."

గిన్నె అంచు దాటిన పిండి పెట్టె రేకు మీదుగా నింపాదిగా జారుతోంది. విజయేందర్ పిండిని చూశాడు, పెట్టెను చూశాడు, తెరను చూశాడు, చివరికి భార్యను చూశాడు.

"అన్నీ నొక్కినవా?"

"పొంగాలె అన్నరు గద."

అతను బియ్యం డ్రమ్ము మీద కూలబడ్డాడు. "దొంగలు పడ్డరని లోకమంత రాసిన గదనే."

కొమురెల్లి వేలితో పిండి నాకి చూశాడు. "పులుపు మంచిగనే పట్టింది సార్" అని లాఠీని మూలకు ఆనించి కింద కూర్చున్నాడు. పెనం పొయ్యి మీదికెక్కింది.

అవేజ్ వచ్చేసరికి దొంగలు లేని ఆ ఇంట్లో కాలనీ జనం వరసగా కూర్చొని దోశలు తింటున్నారు. విజయేందర్ నేల చూపులు చూస్తూ జరిగిందంతా చెప్పాడు. "ఇగ ఏం మొఖం పెట్టుకొని అడుగుత భాయ్. నాకు పూచీ వద్దు తియ్."

అవేజ్ ల్యాప్‌టాప్ తెరిచి జరిగింది బృందానికి రాశాడు. "విడుదలకు ముందుగాల అన్నీ మళ్ళ కట్టి చూసుడు మన రివాజు. ఈసారి జర్మనాయన బ్రెజిలామె చేసిందనుకున్నడు. ఆమె నేను చేసిననుకుంది. నేను ఎవలో ఒకలు చేసిండ్రనుకున్న. భాభీ నొక్కకపోతె శనివారం లోకానికంత పగిలిన సామాను పంచుదుము."

విజయేందర్ తల లేచింది. "పాడైనయి చాన ఉన్నయా?"

"ఉన్నయ్. ఒక్కటైతె అది ఆగుడే గాక దాన్ని నమ్ముకున్నవాటినన్ని ఆపింది."

"ఎవలదది?"

అవేజ్ దోశ ముక్కను చట్నీలో తీరిగ్గా ముంచాడు. "తెలుగు ఫాంట్లది."

విజయేందర్ లేచి పెట్టె తెర వైపు నడిచాడు.

"ముందుగాల దాన్ని సక్కజెయ్ విజయన్నా. పూచీ ముచ్చట మల్ల సూద్దాం."

"నా ఖాతా మూసిండ్రు గద."

"మూయుమన్నది నువ్వేనాయె." అవేజ్ పొయ్యి వైపు తిరిగాడు. "భాభీ, గా బటన్ ఒత్తినోళ్ళను మా విడుదల టీములకు తీసుకరమ్మంటుండ్రు. ప్రతిసారి గీ పని మీరు సూడాల్నట. మీ కార్డు జర తెండ్రి."

జ్యోతిరాణి దోశ తిరగేసింది. "జీతమెంతిస్తరు?"

"జీతముండది. సెలవులుండయ్. అంత సక్కగుంటె ఎవలు పలకరియ్యరు. ఒక్కటి చెడితె మాత్రం అందరు మీ పేరే పిలుస్తరు."

జ్యోతిరాణి అట్లకాడను భర్త చేతిలో పెట్టి, కార్డు తెచ్చి, అవేజ్ ముందుకు జరిపిన దరఖాస్తు నింపడానికి కూర్చుంది. అనుభవం అని ఉన్నచోట ఆలోచించకుండా "పెళ్ళయిన నాటి నుంచి" అని రాసింది.