దాహానికి పండ్ల ఐసు

దప్పికైతే నీళ్ళు తాగడం మోటు అలవాటు. నాగరికులు పండ్ల ఐసు తింటారు!

ఈ మాట నేను సరదాకి అనడం లేదు. పొదిలి వైపు మెట్ట ప్రాంతంలో ఒక బ్లాకు ఆఫీసులో గుమాస్తాగా ఉంటూ, కళ్ళారా చూసి చెబుతున్నాను. పండ్ల ఐసు వల్ల మనిషి బాగుపడతాడు, ఊరు బాగుపడుతుంది, అన్నిటికంటే ముఖ్యంగా ఆఫీసు బాగుపడుతుంది. కాదనేవాళ్ళు ఎర్రకుంటపాలెంలో జరిగింది వినండి.

ఎర్రకుంటపాలెంలో జొన్న పండుతుంది, పత్తి పండుతుంది, మిరప పండుతుంది. నీళ్ళు మాత్రం పండవు. కుంట ఊరి పేరులోనే ఉంది గాని ఊళ్ళో లేదు. వేసవి వస్తే ఆడవాళ్ళు రెండు మైళ్ళు నడిచి, వాగు ఇసకలో చెలమలు తవ్వి, ఊరిన నీళ్ళు ముంతతో తోడి బిందెలు నింపుకుంటారు. మంచినీళ్ళ బావి ఒకటి తవ్వించమని సర్పంచి యలమందయ్య నాలుగేళ్ళుగా అర్జీలు పెడుతున్నాడు. అవన్నీ నా బీరువాలో భద్రంగా ఉన్నాయి. ఒక్కటి పోలేదు! ఏ ప్రభుత్వమైనా ఇంతకంటే ఏం చెయ్యగలదు?

అలాంటి సమయంలో, అరవై రెండో సంవత్సరం ఏప్రిల్ నెలలో, పైనుంచి సర్క్యులర్ దిగింది. "గ్రామములలో తినగా మిగిలిన తాజా పండ్లు వృథా అగుచున్నవి. కావున వాటి రసముతో ఇంటివద్దనే ఐసు తయారుచేయు విధానమును మహిళలకు నేర్పవలెను."

మా ఆఫీసరు శ్రీమన్నారాయణ గారిది పొన్నూరు వైపు. ఇంటి వెనక కాలువ, కాలువ గట్టున మామిడితోట. ఆయన చిన్నతనంలో మిగిలిన పండ్లు గేదెలకు వేసేవారట. సర్క్యులర్ చదవగానే ఆయన కళ్ళు చెమర్చాయి. మా బ్లాకులో ఆ వేసవి తడి కనిపించింది అక్కడొక్కచోటే!

వెంటనే యలమందయ్యను పిలిపించారు.

"ఏమయ్యా, మీ ఊళ్ళో తినగా మిగిలిపోయే పండ్లేమిటి?"

యలమందయ్య బుర్ర గోక్కున్నాడు. "మిరపపండ్లండి."

"అవి కాదయ్యా! తియ్యటివి!"

"తియ్యటివంటే... తియ్యటి నీళ్ళే లేవండి మాకు. ఆ బావి అర్జీ సంగతి..."

"బావి సంగతి బావిది. ఇది పండ్ల సంగతి."

ఊళ్ళో పండ్లు మిగలనంత మాత్రాన పథకం ఆపుకుంటామా? ఒంగోలు బజారు నుంచి రెండు గంపల మామిడిపండ్లు, ఒక గంప బత్తాయిలు తెప్పించి, ఎర్రకుంటపాలెంలో మేమే మిగిల్చాం.

ఇక తయారీ అంటారా, బహు సులభం. మధ్యలో రేకు డబ్బా, చుట్టూ చెక్క తొట్టి, పైన చేత్తో తిప్పే పిడి. పంచదార కలిపిన పండ్లరసం డబ్బాలో పోస్తారు. డబ్బాకీ తొట్టికీ మధ్య ఐసుముక్కలు, రాళ్ళ ఉప్పు దట్టిస్తారు. అరగంటసేపు ఆపకుండా తిప్పితే రసం గడ్డకడుతుంది. చిక్కల్లా ఒక్కటే. ఐసు చెయ్యాలంటే ముందు ఐసు ఉండాలి! దాన్ని కూడా ఒంగోలు నుంచే ఊకలో కప్పి, గోనెపట్టాల్లో చుట్టి, జీపు వెనక ట్రైలర్లో తెప్పించాం.

నేర్పించే బాధ్యత గ్రామసేవిక రహిమున్నీసాది. నల్లపాడు పిల్ల, ఇరవై నాలుగేళ్ళుంటాయి. మాట తక్కువ, గమనింపు ఎక్కువ. సర్కారు ఉద్యోగానికి ఇంత ప్రమాదకరమైన గుణం మరొకటి ఉందా?

శనివారం పొద్దున్నే పంచాయతీ పాకలో ఆడవాళ్ళంతా చేరారు. ఆఫీసరుగారు విటమిన్ల మీద ఉపన్యాసం అందుకున్నారు. సరిగ్గా 'సి' విటమిన్ దగ్గరికి వచ్చేసరికి పేరమ్మ అనే ముసలామె లేచి బయటికి చూసి గట్టిగా కేకేసింది.

"ఒసే, ఆ బండి కింద నీళ్ళు కారిపోతున్నయ్యే! బిందెలు తెండే!"

పాక ఖాళీ! అయిదు నిమిషాల్లో ట్రైలర్ చుట్టూ బిందెలు, తపేలాలు, చెంబులు. కారే చుక్క నేలమీద పడకుండా పట్టేస్తున్నారు.

"బాబూ, నీ రసం నువ్వు తిప్పుకో. ఇది మేం పట్టుకుంటే ఏమన్నా అనుకుంటావా?" అని అడిగింది పేరమ్మ.

"పట్టుకోండమ్మా, అది వేస్టే గదా!" అన్నారు ఆఫీసరుగారు, ఉదారంగా.

ఐసు తయారయ్యాక మనిషికో చెంచా పెట్టారు. పేరమ్మ చప్పరించింది. "బాగుంది నాయనా. నోరంతా జివ్వుమంది. కాకపోతే ఇది తిన్నాక నాలిక ఇంకా పిడచకట్టుకుపోతోంది. తాగటానికి కాసిని నీళ్ళిప్పించు."

"బాగుందన్నారు. రాసుకో," అన్నారు ఆఫీసరుగారు నాతో. రాసుకున్నాను. తరవాతి ముక్కకి రిపోర్టులో కాలమ్ లేదు.

"మహిళలు బిందెలతో సహా అత్యుత్సాహముగా పాల్గొనిరి" అని పైకి పంపాను. ఇందులో అబద్ధం ఒక్క అక్షరమైనా ఉందా? పైవాళ్ళు ఎంత మురిసిపోయారంటే, ప్రతి శనివారం డిమాన్‌స్ట్రేషన్ జరపమనీ, వారానికి ఎనిమిది దిమ్మల ఐసు కొనుక్కోమనీ ఉత్తర్వులిచ్చారు.

మూడో వారం నుంచి రహిమున్నీసా పని తీరు మారింది. ఒక్క దిమ్మ పగలగొట్టి తొట్టిలో వేసేది. మిగతా ఏడింటికీ ఊక కడిగి, గంగాళాల్లో పెట్టించి, కరిగాక గుడ్డతో వడకట్టి, ఇంటికి ఇన్ని బిందెలని పంచేది. చంటిపిల్లలున్న ఇంటికి ఒకటి ఎక్కువ. నేను చూస్తూనే ఉన్నాను. పిడి తిప్పుతున్నట్టు రాస్తూనే ఉన్నాను.

ఆ జీపులో ఏకంగా నీళ్ళే తేవచ్చుగా అని మీరడగొచ్చు. ఎంత అమాయకులండీ! గడ్డకట్టిన నీళ్ళకి పథకం ఉంది. గడ్డకట్టని నీళ్ళకి లేదు.

ఇంతలో యలమందయ్య అదృష్టం పండి, అతను నేరుగా జిల్లాకి పెట్టిన అర్జీ మీద, బావి ఫైలు పట్టుకుని అక్కణ్ణించి ఇంజనీరు వచ్చాడు. ముందు నా రిపోర్టులు చదివాడు. తరవాత పేరమ్మను అడిగాడు.

"ఏమ్మా, తాగటానికి నీళ్ళున్నాయా?"

"శనారం శనారం తాగుతున్నాం బాబూ," అంది పేరమ్మ, ఉన్నదున్నట్టు.

ఇంజనీరు ఫైల్లో రాశాడు: "ఈ గ్రామమునకు వారమునకు ఎనిమిది దిమ్మల ఐసు అందుచున్నది. పండ్ల ఐసు భుజించు గ్రామమునకు బావి అనవసరము. నీటి ఎద్దడి ఉన్న గ్రామములు ముందు చూడవలెను."

ఆ కాగితం రహిమున్నీసా రెండుసార్లు చదివింది.

"మీరు రాసినదాని వల్లే గదండీ ఇది?" అంది.

"నేను అబద్ధం రాయలేదమ్మా."

"నిజం కూడా రాయలేదు గదండీ."

అని, తనే కూర్చుని ఉన్నది ఉన్నట్టుగా రెండు పేజీలు పైకి రాసింది. ఆడవాళ్ళు వస్తున్నది పండ్లకి కాదనీ, కరిగిన నీళ్ళకనీ, బావి కావాలనీ. నేను వద్దనలేదు. అలా అని సంతకమూ పెట్టలేదు.

జవాబు వారంలో వచ్చింది. పండ్ల ఐసు పథకం కింద ప్రజలచేత నీళ్ళు తాగించడం నిధుల దుర్వినియోగం! ఐసు ఆపేశారు, పథకం మాత్రం కాగితం మీద ఉంచారు. రహిమున్నీసాను బదిలీ చేశారు. మా ఆఫీసు ముందు బస్సెక్కే రోజున పేరమ్మ ఏడు మైళ్ళు నడిచి వచ్చి, ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. నేను ఆఫీసు కిటికీలోంచి చూసి, దగ్గరికి వెళ్ళాలనుకుని, వెళ్ళలేదు. చేతినిండా పని ఉంది మరి!

ఐసు ఆగిన మొదటి శనివారం, ఎండ ఇంకా ముదరకముందే, ఎర్రకుంటపాలెం ఆడవాళ్ళు నలభై మంది మా ఆఫీసు గేటు దాటి లోపలికి వచ్చారు. ఆఫీసు వెనక ఆఫీసరుగారి క్వార్టర్సు, అక్కడొక బావి. ఆ నీళ్ళతో ఆయన గులాబీ మొక్కలు పెంచుతున్నారు.

"ఏమిటిది? ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని?" అని గద్దించారు ఆయన.

"మీ జీపు మా ఊరు రాలేదు గదా బాబూ, మేమే వచ్చాం," అంది పేరమ్మ.

ఆయన నావైపు తిరిగి, "ఆ చేదా, తాడూ తీసి లోపల పడెయ్!" అన్నారు. విధేయుడిగా తీసి లోపల పడేశాను. ఆడవాళ్ళు ఎవరి బిందెలోంచి వాళ్ళు చేంతాడు బయటికి తీశారు. నలభై చేంతాళ్ళు! ఎండిన ఊళ్ళో పుట్టినవాళ్ళకి నూతి దగ్గరికి ఎలా వెళ్ళాలో మేం నేర్పాలా?

వాళ్ళు ఆ శనివారం వచ్చారు. మంగళవారం వచ్చారు. మళ్ళీ శనివారం పక్క ఊరివాళ్ళను కూడా తోడు తీసుకుని వచ్చారు. బావి అడుగు కనిపించింది. గులాబీలు తలలు వేలాడేశాయి. ఆఫీసరుగారి భార్య బురదనీళ్ళతో అన్నం వండనని తెగేసి చెప్పింది.

అప్పుడు కదా మా ఆఫీసరుగారికి గ్రామీణుల నీటికష్టం అర్థమైంది! పైకి ఆ ఉత్తరం కూడా నాచేతే రాయించారు. "మంచినీళ్ళ బావి" అంటే ఫైలు మూసేశామంటారు కాబట్టి, ఆయన చాలా ఆలోచించి ఇలా చెప్పారు: "పండ్ల ఐసు పరిశుభ్రముగా తయారగుటకై, పండ్లు కడుగు నిమిత్తము ఎర్రకుంటపాలెమున ఒక బావి అత్యవసరము."

మంచినీళ్ళ బావి నాలుగేళ్ళలో రాలేదు. పండ్లు కడిగే బావి మూడు వారాల్లో మంజూరైంది! ఊరంతా కలిసి తవ్వారు. నలభై అడుగుల లోతున జల పడింది. మొదటి చేద పేరమ్మ తోడింది. దోసిట్లో పోసుకుని తాగి, మిగిలిన నీళ్ళు మొహం మీద చల్లుకుని, అక్కడే కూలబడి ఏడ్చింది. యలమందయ్య రహిమున్నీసాకి ఉత్తరం రాయించాడు. తను ఇప్పుడు కాలవ పక్క ఊళ్ళో పనిచేస్తున్నాననీ, అక్కడ ఇంటింటా పండ్లు మిగులుతున్నాయనీ, పథకం మాత్రం లేదనీ ఆ పిల్ల జవాబు రాసింది.

చూశారా, పండ్ల ఐసు మహిమ?

ఇప్పుడు నా పనల్లా మూడు నెలలకొకసారి "కడిగిన పండ్ల సంఖ్య" పైకి తెలపడం. ఎన్నని రాయమంటావని యలమందయ్యను అడిగితే, "బిందెకో పండు లెక్కన రాసుకోండి గుమాస్తాగారూ," అన్నాడు. పోయిన మూడు నెలల్లో ఎర్రకుంటపాలెంలో ఇరవై ఏడు వేల పండ్లు కడిగారు. ఒక్క పండ్ల చెట్టు లేని ఊళ్ళో అన్ని పండ్లు ఎక్కడివని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

మొన్న మాత్రం పైనుంచి ఒక శ్రీముఖం వచ్చింది. "పండ్లు కడిగిన పిమ్మట ఆ నీరు ఏమగుచున్నదో వెంటనే తెలుపుడు."

పాఠకులారా, మీరైనా చెప్పండి, ఏం రాయను? మనుషులు తాగుతున్నారని రాస్తే బావి పూడ్పించేస్తారు!