చదివిన ఏళ్ల పెన్షన్

ఉదయలక్ష్మి గొడుగు పోయిన రోజు ఉదయం ద్వారకానాథ్ గారు పెట్టుకున్న పని చాలా చిన్నది. స్కోఫీల్డ్స్‌లో రైలెక్కి పరమట్టాలోని పెన్షన్ ఆఫీసుకి వెళ్లడం, తిరిగి వస్తూ హారిస్ పార్క్‌లో సున్నుండలు కొనుక్కోవడం. ఆకాశంలో మబ్బు లేదు. అయినా గొడుగు పట్టుకున్నారు. భార్య ఉదయలక్ష్మి పోయిన ఈ ఏడాదిగా ఆ గొడుగు లేకుండా ఆయన గుమ్మం దాటలేదు.

ఇద్దరూ కలిసి ఉన్న అద్దె ఇంట్లోనే ఆయన ఇంకా ఉంటున్నారు. అద్దెను కూతురు సుమ కడుతోంది. "ఎడ్మండ్‌సన్ పార్క్‌లో మా ఇంట్లో ఒక రూమ్ ఖాళీగానే ఉంది నాన్నా, వచ్చెయ్యి" అని ప్రతి ఆదివారం అంటోంది. పెన్షన్ వస్తే అద్దె తనే కట్టుకుని ఆ ఇంట్లోనే ఉండిపోవచ్చని ఆయన ఆశ.

పెన్షన్ కావాలంటే ఈ దేశంలో పదేళ్లు ఉండాలి. శాశ్వతంగా ఉండిపోవడానికిచ్చే పీఆర్ వచ్చి ఎనిమిదేళ్లయింది. అంతకుముందు స్టూడెంట్ వీసా మీద పీహెచ్‌డీ చేసిన నాలుగేళ్లున్నాయి. యాభై అయిదో ఏట పంతులుద్యోగం వదిలి వచ్చి యూనివర్సిటీలో చేరితే, "మీ ప్రొఫెసర్ మీకు కొడుకు వరస" అని ఉదయలక్ష్మి నవ్వింది. జీవితమంతా పాఠాలు చెప్పిన మనిషికి, చదివిన ఏళ్లు లెక్కలోకి రాకపోవచ్చన్న అనుమానమే కలగలేదు.

ప్లాట్‌ఫారం మీద వాకింగ్ మిత్రుడు ఉపేంద్ర ఎదురయ్యాడు.

"ఎక్కడికి మాస్టారూ?"

"పెన్షన్ పనిమీద. పీహెచ్‌డీ ఏళ్లు కలిపితే సరిపోతాయి."

"అంటే చదువుకి కూడా పెన్షన్ ఇస్తున్నారా!"

"అలా కాదయ్యా..." అనేలోగా రైలొచ్చింది. ఉపేంద్ర కూడా ఎక్కి, సంగతి ఫోన్‌లో వాకింగ్ గ్రూపులో పెట్టేశాడు. బ్లాక్‌టౌన్‌లో ఆ గ్రూపులోని జయశ్రీ, మంగతాయారు ఎక్కారు. ఇద్దరి చేతుల్లోనూ లామినేషన్ చేయించిన సర్టిఫికెట్లున్నాయి.

"నా టైపు లోయరు, హిందీ ప్రవేశిక కలుస్తాయాండీ?" అని జయశ్రీ అడిగింది.

"నేను ఇంటరు తప్పి మళ్లీ మళ్లీ కట్టాను మాస్టారూ. ఆ ఏళ్లన్నీ కలిపి ఒకటిగా వేస్తారా, విడివిడిగా వేస్తారా?" అంది మంగతాయారు.

"విడివిడిగానే! కష్టం విడివిడిగా పడ్డారు కదండీ" అన్నాడు ఉపేంద్ర.

మాస్టారు మొదటి నుంచీ విడమరిచి చెప్పసాగారు. పాఠం సగంలో ఉండగా పరమట్టా వచ్చింది. నలుగురూ హడావుడిగా దిగారు. గొడుగు సిటీ వైపు వెళ్లిపోయింది.

కౌంటర్లో ఉన్న మెహ్విష్ వాళ్లది హైదరాబాదు. ఆయన చెప్పిందంతా ఓపికగా వింది.

"సారీ అంకుల్, స్టూడెంట్ వీసా ఇయర్స్ కౌంట్ అవ్వవు. పీఆర్ ఉండి చదివుంటే అయ్యేవి. చూసేది రెసిడెన్స్, డిగ్రీ కాదు. ఇంకో టూ ఇయర్స్ ఆగాలి."

"పీహెచ్‌డీకి ఏమీ ఇవ్వరా?" అని ఉపేంద్ర నిలదీశాడు.

"కంగ్రాచ్యులేషన్స్ చెప్తాను అంకుల్."

మంగతాయారు తన మార్కుల లిస్టులు ముందుకు తోసింది. "పోనీ నావి చూడమ్మా."

మెహ్విష్ వాటిని చూడలేదు. "ఆంటీ, మీకు పీఆర్ ఎప్పుడొచ్చింది?"

"మా మనవడు కడుపున పడ్డప్పుడు. ఇప్పుడు వాడు ఎనిమిదో క్లాసు."

"అప్పట్నుంచీ ఇక్కడే ఉన్నారా?"

"మరి వాణ్ణి పెంచిందెవరనుకున్నావు?"

"మీ ఏజ్?"

"డెబ్భై."

"మిగతా డీటెయిల్స్ చూడాలి. కానీ మీరు ఇవాళే అప్లై చెయ్యొచ్చు."

మంగతాయారు మాస్టారి చెవి దగ్గరికి వంగి, "తప్పిన ఏళ్లు కలిపినట్టున్నారండీ" అంది.

బయటికొచ్చాక ద్వారకానాథ్ గారు తన ఖాళీ చేతిని చూసుకున్నారు. అంతలో సుమ ఫోన్ చేసింది.

"నాన్నా, ఏమన్నారు?"

"రెండేళ్లు తక్కువట."

"సరే, సాటర్‌డేకి వ్యాన్ బుక్ చేసేస్తున్నా. ఇంక నో ఆర్గ్యుమెంట్స్."

"అమ్మ గొడుగు రైల్లో ఉండిపోయిందమ్మా."

"అయ్యో, అమ్మ గొడుగా!"

"అది దొరికాక వస్తాను" అన్నారాయన.

"ఓకే నాన్నా. దొరికాకే."

సుమ అద్దె కడుతూనే ఉంది. గొడుగు గురించి ద్వారకానాథ్ గారు రైల్వే వాళ్లని ఇంకా అడగలేదు.