కాపాడు బటన్ వ్యవహారం

ప్రజలు ఇక ఊపిరి పీల్చుకోవచ్చు. "ఏరు దాటు" అనే వీడియో గేమ్‌లో మెరుగులు దిద్దిన మొదటి భాగం గొప్పదా, రెండో భాగం గొప్పదా అన్న చిక్కుముడి వీడిపోయింది. ఆకలి, రోగాలు లాంటి చిల్లర సమస్యల సంగతి తీరిగ్గా చూసుకోవచ్చు.

ఆట తెలియని అభాగ్యుల కోసం చెబుతున్నాను. వరదలో పడవవాడు ఒక చిన్నపిల్లను అవతలి ఒడ్డుకు చేర్చాలి, అంతే. మొదటి భాగం పదిహేనేళ్ల కిందటిది. అందులో, ఆడినంతవరకూ ఆటను దాచుకునే బటన్ మీద "దాచు" అని ఉండాల్సింది, "కాపాడు" అని పడింది. "సేవ్" అనే ఇంగ్లిష్ మాటకు రెండర్థాలుంటే అనువాదకురాలు రెండోది పట్టుకొచ్చింది. ఆవిడ మా వదిన. అప్పుడే ఉద్యోగంలో చేరింది, కంగారులో ఉంది. మేమేమో అది నొక్కితే పిల్ల మునగదని నమ్మాం. భక్తిగా నొక్కాం. పిల్ల మునిగింది. ఇంకా గట్టిగా నొక్కాం.

రెండో భాగంలో వదిన తప్పు దిద్దుకుని "భద్రపరచు" అని రాసింది. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి, పిల్ల జడలో వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. అయినా ఆటలో ప్రాణం లేదన్నారు అభిమానులు. నిజమే, "భద్రపరచు" అన్నది బీరువాకు పనికొచ్చే మాట. ఈ ఏడాది మొదటి భాగానికి మెరుగులు దిద్దుతూ అక్కడా అదే మాట పెట్టేసింది. కొంపలంటుకున్నాయి.

అభిమాన సంఘం అత్యవసరంగా సమావేశమైంది. అధ్యక్షులవారు పళ్ల డాక్టరు.

"సోదరులారా, రెండో భాగం తప్పుల్లేక చెడింది. ఇప్పుడు మొదటి భాగంలోనూ తప్పు తీసేసి మన బాల్యాన్ని పీకేశారు, అదీ మత్తివ్వకుండా" అన్నారాయన.

సభ్యులు కళ్లొత్తుకున్నారు. కార్యదర్శిని కనక నేనూ ఒత్తుకున్నాను. పాత తప్పు ఉంటే మొదటిదే గొప్ప, లేకుంటే రెండూ దండగే అని తీర్మానించాం. తప్పును ఒప్పు చేసినవారి మీద తగు చర్య తీసుకోవాలని కంపెనీకి రాశాం. దస్తూరీ నాదే.

కంపెనీ వినయంగా తలొగ్గింది. "కాపాడు" తిరిగొచ్చింది. వదినకు నోటీసు కూడా వచ్చింది. సరైన మాట వాడి సంస్థకు అప్రతిష్ఠ తెచ్చినందుకు నెలాఖరుతో ఉద్యోగం ఆఖరు. అభిమానులు వందమంది క్షమించి సంతకాలు పెడితే ఆలోచిస్తారట.

వదిన ఆ కాగితం నా కీబోర్డు మీద పెట్టింది.

"ఏమయ్యా, తప్పు రాసినప్పుడు నెత్తిన పెట్టుకున్నారు, ఒప్పు రాస్తే వీధిన పడేస్తారా?"

"అది కాదు వదినా, జనం మనోభావాలు..."

"మనోభావాల సంగతి తర్వాత. మీ అన్న షాపు మూతపడి ఆరు నెలలైంది. నాకు భయంగా ఉందయ్యా. ఆ వందమందిని పట్టుకురా."

వందమంది ఒక లెక్కా! సంఘంలో నలభై వేలమందిమి ఉన్నాం. విషయం గ్రూపులో పెట్టాను. అందరూ చలించిపోయారు, ముప్పై ఎనిమిది వేలమంది ఏడుపు బొమ్మలు పంపారు. సంతకాలు మాత్రం మూడు వచ్చాయి. ఒకటి మా అన్నది, ఒకటి వదినవాళ్ల అమ్మది. మూడోది అధ్యక్షులవారు పొరపాటున పెట్టి, తర్వాత కొట్టేశారు.

"మరి నీదేదయ్యా?" అని అడిగింది వదిన, నెలాఖరున ఆఫీసు నుంచి తన సామాన్ల పెట్టెతో వచ్చి.

పెడదామనే కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే కొత్త కూర్పులో పిల్ల నడి ఏట్లో ఉంది. ఒక ప్రాణం కాపాడుతున్నవాణ్ణి మధ్యలో లేచి సంతకం పెట్టమంటే ఎలా, మీరే చెప్పండి.